కొక్కేనికి సరిపడని కోత

“నన్నేమీ అడగొద్దు. అడగాల్సినవాళ్ళంతా అడిగేశారు, కొట్టాల్సినవాళ్ళంతా కొట్టేశారు,” అన్నాడు చిన్నోడు. లాకప్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎడమ చెవి వాచి, నల్లబడి ఉంది.

సర్వేయరమ్మ ఊచల ఇవతల స్టూలు లాక్కుని కూర్చుంది. ఇప్పట్లో వెళ్ళే ఉద్దేశం లేదని ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది. ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలో, గుద్దుకున్న బండ్లు చూసి నష్టం అంచనా వేసే సర్వేయరుగా చాలా ఏళ్ళు చేసింది. నిజాన్ని కాస్త తగ్గించి రాయమని పైవాళ్ళు అన్న రోజున ఆ ఉద్యోగం వాళ్ళ మొహానే కొట్టి వచ్చేసి, డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు.

ఈ కేసు ఆవిడ దగ్గరికి చిన్నోడి భార్య తెచ్చింది. లైఫ్ జాకెట్లు కుట్టే టైలరు ఆ అమ్మాయి. కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా, పళ్ళ బిగువున మొత్తం చెప్పింది. రిజర్వాయరు ఒడ్డున పిల్లలకి ఈత నేర్పే టీచర్ ఒకామె ఉండేది. పడవల్ని నీళ్ళలోకి దింపే సిమెంటు వాలు దగ్గర ఒక సాయంత్రం ఏదో బండి వెనక్కొచ్చి ఆమెని గోడకేసి నొక్కేసింది. నొక్కి, ముందుకి పోయింది. వెంటనే ఎవరైనా ఆస్పత్రికి చేర్చి ఉంటే బతికేదని పోస్టుమార్టం చేసిన డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క మాట విన్నాకే సర్వేయరమ్మ ఈ కేసు తీసుకుంది.

చిన్నోడూ, అతని అన్న పెద్దోడూ పడవలు అద్దెకిస్తారు. ఈత కొట్టే చోటికి పడవలు తెస్తున్నాడని ఆ టీచర్ అంతకుముందే చిన్నోడితో అందరి ముందూ తగువు పెట్టుకుంది. ఆ సాయంత్రం అతను రేవులోనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరుకి అంతకంటే ఏం కావాలి? మర్నాడు పొద్దున్నే చిన్నోణ్ణీ, అతని బండినీ కలిపి పట్టుకుపోయాడు. బండి పోలీసుల యార్డుకి చేరిన తర్వాత దాని వెనక బంపర్‌లో పగులు కనబడింది. పగుల్లో చనిపోయినామె ట్రాక్ సూట్ తాలూకు నీలం దారాలు దొరికాయి. కేసు తేలిపోయిందని ఇన్‌స్పెక్టరు పేపర్లవాళ్ళని పిలిచి మరీ చెప్పాడు.

“నువ్వు ఎక్కడున్నావు, ఏం చేశావు అని నేనడగను. నీ బండి వెనక బంపర్ ఎవరు కోశారు?” అంది సర్వేయరమ్మ.

చిన్నోడు మెల్లిగా ఇటు తిరిగాడు. ఇన్ని రోజుల్లో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

“నేనే కోశాను. ఏం?”

“ఎలా కోశావో చెప్పు.”

మొదట విసుగ్గానే మొదలుపెట్టాడు. పడవని రేవుకి లాక్కెళ్ళడానికి బండి వెనక టో హిచ్ బిగించారు. అంటే బండి అడుగు చట్రమైన చాసిస్‌కి బోల్టులతో పట్టించే ఇనప కొక్కెం. దాని చివరున్న గుండుకి పడవ ట్రైలర్‌ని తగిలిస్తారు. అయితే ఆ బండికి వెనకంతా నల్ల ప్లాస్టిక్ బంపర్ తొడుగు ఉంటుంది, అది కొక్కేనికి అడ్డం. కొయ్యక తప్పదు. చాలామంది బంపర్ బండికి ఉండగానే రంపం పెట్టి పరపరా కోసేస్తారట. చిన్నోడు తొడుగు మొత్తం విప్పి బల్ల మీద పడుకోబెట్టాడు. అట్ట ముక్క మీద కొక్కెం ఆకారం గీసి, దాన్ని కత్తిరించి, ఆ నమూనా ప్రకారం ప్లాస్టిక్ మీద టేపు అంటించి గుర్తు పెట్టుకున్నాడు. కావాల్సినదానికంటే చిన్నగా కోసి, బండికి పెట్టి చూసి, మళ్ళీ విప్పి కాస్త కోసి, మళ్ళీ పెట్టి చూశాడు. చివరికి ఆకురాయితో రాసి, గరుకు కాగితంతో నునుపు చేశాడు.

చెబుతూ చెబుతూ ఊచల దగ్గరికి వచ్చేశాడు. చేతులు గాల్లోనే కొలతలు చూపిస్తున్నాయి.

“అంచుకి ఏమైనా వేశావా?”

“రబ్బరు బీడింగ్ వేశాను. పాత కారు తలుపుది. లేకపోతే గతుకుల్లో ప్లాస్టిక్ వెళ్ళి ఇనుముకి రాసుకుంటుంది. మా అన్నయ్య బండికీ అదే అట్టతో నేనే కోసిపెట్టాను.” అన్నయ్య మాట రాగానే మొహం గట్టిపడింది. “వాడొక్కసారి కూడా రాలేదు నన్ను చూడ్డానికి. మీకు కనబడితే చెప్పండి, నేను చచ్చినా రావద్దన్నానని.”

సర్వేయరమ్మ లేచింది. చెవికి మందు వేశారా అని అడిగింది. డ్యూటీలో ఉన్న కానిస్టేబులు నేల చూపులు చూశాడు.

స్టేషన్ గేటు దగ్గర చనిపోయిన టీచర్ తల్లి కూర్చుని ఉంది. రోజూ వచ్చి కూర్చుంటుందట. లోపలున్నవాడు బయటికి రాకుండా కాపలా కాస్తున్నానని అందరికీ చెబుతుందట. సర్వేయరమ్మని చూడగానే లేచి అడ్డంగా నిలబడింది. నా కూతుర్ని చంపినవాడి తరఫున తిరగడానికి సిగ్గు లేదా అని నిలదీసింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

సర్వేయరమ్మ ఆ మాటలన్నీ పడింది. ఆ తల్లి ఆయాసంతో ఆగినప్పుడు మాత్రం నెమ్మదిగా అంది. “చంపినవాడు లోపల లేడేమోనని నా అనుమానం అమ్మా. బయట దర్జాగా తిరుగుతున్నాడేమోనని.”

తల్లి ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. “అయితే వాణ్ణి నాకు చూపించు,” అంది. అని పక్కకి జరిగి దారిచ్చింది.

* * *

బండిని పరిశీలించుకోవడానికి చిన్నోడి వకీలు కోర్టునుంచి అనుమతి తెచ్చాడు. ఆ కాగితం చూపిస్తే గాని యార్డు గేటు తెరుచుకోలేదు. తుప్పు పట్టిన బస్సుల మధ్య చిన్నోడి తెల్లబండి నిలబడి ఉంది. నాలుగు తలుపులకీ కాగితాలంటించి లక్కతో సీళ్ళు వేశారు. సీళ్ళు పదిలంగానే ఉన్నాయి. తలుపులకైతే వేశారు గాని బంపర్‌కి సీలు ఎవరు వేస్తారు?

సర్వేయరమ్మ బండి వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. పగులు కుడివైపు ఉంది. నీలం దారాలు తీసిన చోట గుర్తు పెట్టారు. దాన్ని ఒకసారి చూసి వదిలేసింది. ఆవిడ కళ్ళు కోత మీద ఆగిపోయాయి.

అది ఓపికగల మనిషి కోసిన కోత కాదు. అంచు పళ్ళు పళ్ళుగా ఉంది. కొన్నిచోట్ల కరిగి ముద్దకట్టింది. ఎవరో బ్లేడుని ఎర్రగా కాల్చి అడ్డదిడ్డంగా తిప్పేశారు. బీడింగ్ లేదు. అది ఒకప్పుడు ఉండి ఊడిపోయిందనుకోవడానికి జిగురు మరక కూడా లేదు. పైగా కొక్కెం ఒకచోట, కోత ఒకచోట. ఎడమవైపు ఇనుము ప్లాస్టిక్‌ని తాకుతోంది, కుడివైపు అరచెయ్యి దూరేంత సందు. కిందకి కూడా అవసరంలేనంత లోతుగా కోశారు. ఇది ఇంతకంటే వెడల్పైన, కిందకి వేలాడే కొక్కెం కోసం కోసిన బంపర్.

టార్చి వేసి బండి కిందకి దూరింది. కింద మట్టి పట్టిన కొక్కెం ఇనప గొట్టం పైభాగాన తెల్ల కాగితం పెట్టి గట్టిగా రుద్దింది. కాగితం మీద నల్లగా జిడ్డు గీత పడింది. వాసన చూసింది. రబ్బరు. గతుకుల్లో ఊగినప్పుడల్లా బీడింగ్ వచ్చి రాసుకున్న చోటు అది. బంపర్‌కి లేని రబ్బరు, కొక్కెం మీద ఉంది. బోల్టు తలల మీద స్పానరు గీతలు ఇంకా తళతళలాడుతున్నాయి.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఈ బంపర్ ఈ బండిది కాదు. రంగు వెయ్యని నల్ల ప్లాస్టిక్, ఒకే రకం బండ్లయితే ఒకదానిది ఇంకోదానికి పట్టేస్తుంది. చిన్నోడి బంపర్ విప్పేసి, ఒక మనిషిని నలిపిన బంపర్ తెచ్చి ఇక్కడ తగిలించారు.

“బండి కింద పడుకుని ఏం వెతుకుతున్నారు మేడమ్? కాస్త చాప వేయించమంటారా?”

ఇన్‌స్పెక్టరు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీద టోపీ గీతకి కింద మొహమంతా ఎండకి మాడి ఉంది. సెలవు రోజుల్లో నీళ్ళ మీద గడిపే మనిషి మొహం. సర్వేయరమ్మ రబ్బరు గీత పడ్డ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చింది. దుమ్ము దులుపుకోలేదు.

పాత డబ్బా బండ్లకి లెక్కలు కట్టుకునేవాళ్ళు హత్య కేసుల్లో వేళ్ళు పెడితే ఇలాగే ఉంటుందని అతను చెప్పుకుపోయాడు. తాను ఎన్ని కేసులు తేల్చాడో, ఎన్ని మెచ్చుకోళ్ళు అందుకున్నాడో ఏకరువు పెట్టాడు. ఆవిడ వింటున్నట్టే నిలబడి, సందు దొరకగానే అడిగింది.

“బండి పట్టుకొచ్చిన రోజున ఈ పగులు ఉందా?”

“ఉంది. మట్టి కింద కనబళ్ళేదు.”

“బండి కడిగారా?”

“అవసరమైతే కడుగుతాం. మీకు చెప్పి కడగాలా?”

“అంటే బంపర్ మీద మట్టి కడిగారు, లోపల కొక్కెం మీద మట్టి వదిలేశారు. బాగుంది. ఈ యార్డు తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“నా దగ్గర,” అన్నాడు రొమ్ము విరుచుకుని. “నా సొంత కప్‌బోర్డులో. నాకు తెలియకుండా ఇందులోకి ఈగ కూడా దూరదు.”

“ఆ మాట కోర్టులో కూడా ఇలాగే చెప్తారా?”

అప్పుడు అతని మొహంలో ఏదో మారింది. రెండడుగులు ముందుకొచ్చాడు. గొంతు తగ్గించి, ఇక్కడినుంచి నడవమన్నాడు. పరిశీలన అయిపోయిందన్నాడు. ఆమె చేతిలో ఉన్న అనుమతి కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టి తన జేబులో దోపుకున్నాడు.

“ఒక ఆడపిల్ల గోడకి చేరబడి ప్రాణం పోయేదాకా ఎవరైనా వస్తారేమోనని చూసింది ఇన్‌స్పెక్టర్ గారూ,” అంది సర్వేయరమ్మ. గొంతు పెంచలేదు గాని ప్రతి మాటా విరిచినట్టు పలికింది. “ఆ చావుని మీరు అడ్డం పెట్టుకుని మెచ్చుకోళ్ళు సంపాదించుకుంటున్నారు. ఎవరి పాపం దాస్తున్నారో నాకింకా తెలీదు. తెలిసేదాకా నిద్రపోను.”

అతను నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు.

* * *

ఆవిడ నేరుగా పడవల షెడ్డుకి వెళ్ళింది. దారంతా అనుమానం ఒక్కడి మీదే తిరిగింది. చిన్నోడి బండిలాంటి బండే పెద్దోడికీ ఉంది. కొక్కెమూ ఉంది. తమ్ముడు లాకప్‌లో ఉంటే అన్న చూడ్డానికి కూడా రావడంలేదు. వచ్చే మొహం లేకనేమో. యార్డులోకి వెళ్ళడానికి ఎవరినో పట్టుకుని ఉంటాడు.

షెడ్డు బయటే పెద్దోడి బండి ఉంది. ముందు దాని వెనక్కే వెళ్ళింది. వంగి చూసింది. బంపర్ నునుపైన కోత, చుట్టూ రబ్బరు బీడింగ్, కొక్కేనికి నాలుగువైపులా సమానంగా సందు. రబ్బరు పాతబడి మెరుపు పోయింది. విప్పిన జాడే లేదు. ఇది మొదటినుంచీ ఈ బండిదే. అంటే పెద్దోడు కాదు.

లోపల పెద్దోడు బోర్లించిన పడవ అడుగుని చిన్న పారతో గోకుతున్నాడు. తమ్ముడికంటే బలంగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఆవిడని చూసి కూడా గోకడం ఆపలేదు. చిన్నోడు ఎలా ఉన్నాడని అడగలేదు. మరదలు పెట్టుకున్న డిటెక్టివ్ ఈవిడేనని తెలిసినట్టే ఉంది.

సర్వేయరమ్మ షెడ్డంతా తిరిగింది. పడవల రంగు వాసన, జిగురు వాసన, వాటి మధ్య ఇంకో వాసన. కాలిన ప్లాస్టిక్. గోడ మేకుకి అట్ట నమూనా వేలాడుతోంది, చిన్నోడు చెప్పిందే. దాని కింద బల్ల, బల్ల కింద నల్లటి ప్లాస్టిక్ తురుము. ఒక చిటికెడు తీసి చూసింది. మధ్యలో రబ్బరు పొట్టు కూడా కలిసి ఉంది. దాని మీద దుమ్ము ఇంకా వాలలేదు.

“మీ ఇద్దరి బంపర్లు ఎప్పుడో కోసుకున్నారు. ఇది కొత్త తురుము. ఎవరి బంపర్ కోశావు?”

పెద్దోడు గోకడం ఆపాడు. పార పట్టుకున్న చేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. వేడి బ్లేడు అంటుకుని కాలిన వేలు.

ఆవిడకి ఓపిక నశించింది. తమ్ముడి చెవి ఏ రంగులో ఉందో చెప్పింది. స్టేషన్ గేటు దగ్గర ఒక తల్లి ఎలా కూర్చుని ఉందో చెప్పింది. తమ్ముడు నిన్ను రావద్దన్నాడని, చచ్చినా రావద్దన్నాడని చెప్పింది. ఆ చివరి మాటకి పెద్దోడు చేతిలో పార తీసి గోడకేసి కొట్టాడు. పక్కనే ఉన్న రంగు డబ్బా పడి దొర్లింది.

“కోసింది నేనే,” అన్నాడు. “వాడు అంత ముచ్చటగా చేసుకున్న పని, నా చేత్తోనే పాడుచేశాను. చాలా?”

“వాడి బంపర్ నీ దగ్గరికెలా వచ్చింది?”

పెద్దోడు గుమ్మం వైపు ఒకసారి చూసి వచ్చాడు. మూలనున్న పడవలో కూర్చునే చెక్క పైకెత్తి, దాని కిందనుంచి గోనెగుడ్డలో చుట్టిన ముక్క తీశాడు. వంకీ తిరిగిన నల్ల ప్లాస్టిక్ పట్టీ. ఒక అంచున పాత రబ్బరు బీడింగ్ పదిలంగా ఉంది, రెండో అంచు పచ్చిగా కోసి ఉంది. సర్వేయరమ్మ మేకునుంచి అట్ట తీసి బల్ల మీద పరిచి, పట్టీని దాని పక్కన ఆనించింది. వంపుకి వంపు అతికినట్టు కూర్చుంది. ఇది చిన్నోడి బంపర్‌నుంచి తెగిన ముక్క. అనుమానమే లేదు.

“పారెయ్యమన్నాడు. పారెయ్యలేకపోయాను,” అన్నాడు పెద్దోడు.

“ఎవరు?”

“మా తమ్ముణ్ణి పట్టుకుపోయినవాడే.”

పెద్దోడు ఇక ఆగలేదు, లోపల కుక్కుకున్నదంతా కక్కేశాడు. ఇన్‌స్పెక్టరుకి చేపలు పట్టే పిచ్చి. వీళ్ళ బండి చూసి అలాంటిదే కొనుక్కున్నాడు, అదే తెలుపు. పడవ లాక్కోవడానికి ఎక్కడినుంచో లావుపాటి కొక్కెం తెచ్చుకుని ఇక్కడే బిగించమన్నాడు. అది వీళ్ళవాటికంటే వెడల్పు, కిందకి వేలాడుతుంది. అప్పుడు చిన్నోడు ఊళ్ళో లేడు. అట్ట నమూనా, టేపు అంటే ఇన్‌స్పెక్టరు వినలేదు. నెత్తిన నిలబడి తొందరపెడుతుంటే పెద్దోడు బ్లేడు కాల్చి బంపర్‌ని ఎలా పడితే అలా కోసేశాడు. సర్వేయరమ్మ పొద్దున్న యార్డులో చూసిన కోత అదే.

నిన్న ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు. బండి వెనక బంపర్‌ని తాడుతో కట్టుకుని వచ్చాడు, కొక్కెం అడ్డం పడి అది కూర్చోవడంలేదు. దీన్ని నా కొక్కేనికి సరిపోయేలా కొయ్యమన్నాడు. బీడింగ్ చూడగానే పెద్దోడికి అర్థమైపోయింది. ఇది తమ్ముడిది కదా అన్నాడు. నీ తమ్ముడికి లోపల తోడెవరూ లేరు, నిన్ను పంపించనా అని అడిగాడట ఇన్‌స్పెక్టరు, కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని. కొత్త బంపర్ కొంటే షాపులో తెలుస్తుంది. కొక్కెం పీకేస్తే రేవులో అందరూ ఎందుకని అడుగుతారు. అందుకని దీన్నే కోయించుకున్నాడు.

“కోశాను,” అన్నాడు పెద్దోడు. “అంతకుముందు వెళ్తే లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళను?”

యార్డు తాళం నా దగ్గరే ఉంటుంది అన్న మాట సర్వేయరమ్మ చెవుల్లో గింగురుమంది. ఎవరినో కాపాడుతున్నాడనుకుంది పొద్దున్న. కాపాడుకుంటున్నది తనని తానే. ఈత కొట్టే చోట పడవ దింపొద్దని ఆ టీచర్ బండి వెనక అడ్డంగా నిలబడి ఉంటుంది. చిన్నోణ్ణి నిలదీసినట్టే యూనిఫాం లేని ఈ మనిషినీ నిలదీసి ఉంటుంది. జడిపించడానికే వెనక్కి పోనిచ్చాడో, కావాలనే నొక్కాడో అతనికే తెలియాలి. కానీ ఆమె బతికుండగా ముందుకి వెళ్ళిపోయాడు. తెల్లారి యూనిఫాం వేసుకుని దర్యాప్తుకి వచ్చాడు. ఆ తల్లికి ధైర్యం చెప్పాడు.

ఆవిడ ఇదంతా కోర్టులో చెప్పాలని పెద్దోడితో అంది. తననీ లోపలేస్తాడని అతను గొణిగాడు.

“వెయ్యనీ. లోపల నీ తమ్ముడు ఒక్కడే ఉన్నాడు.”

పెద్దోడు అట్టనీ, పట్టీనీ కలిపి గోనెగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. సర్వేయరమ్మ చిన్నోడి వకీలుకి ఫోన్ చేసి, మేజిస్ట్రేటు ఇంటి దగ్గర కలవమని, తనతో సాక్షి వస్తున్నాడని చెప్పింది. ఫోన్ పెట్టిందో లేదో మళ్ళీ మోగింది.

చిన్నోడి భార్య. వెనక గాలి హోరు, స్కూటర్ చప్పుడు.

ఆ అమ్మాయి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. మొగుడికి బట్టలివ్వడానికి స్టేషన్‌కి వెళ్ళింది. అప్పుడే అతన్ని బయటికి తెస్తున్నారు. పెద్ద జైలుకి మారుస్తున్నామని చెప్పారు. వ్యాను ఉన్నా వ్యాన్లో ఎక్కించలేదు. ఇన్‌స్పెక్టరు తన సొంత బండిలో వెనక సీట్లో కూర్చోబెట్టి, తనే నడుపుతున్నాడు, పక్కన కానిస్టేబుల్ని కూడా పెట్టుకోలేదు. ఆమెకి అనుమానం వచ్చి స్కూటర్ మీద వెంట పడింది. జైలు రోడ్డు వదిలేసి బండి క్వారీ దారి పట్టింది. అక్కడ లారీల తూకం వేసే కాటా దాటితే ఇక మనుషులుండరు.

“ఎంత దూరంలో ఉన్నావు?”

“దగ్గర్లోనే అక్కా. ముందు లారీ తిరుగుతోంది, బండి ఆగింది. కాటా దగ్గరే.”

“వెనక బంపర్ కనిపిస్తోందా? కోత ఎలా ఉంది?”

“ఒక పక్క రబ్బరుంది. ఇంకో పక్క లేదు. ఆ రబ్బరు మా ఆయన వేసిందే అక్కా, నేనే పట్టుకున్నాను జిగురు ఆరేదాకా.” గొంతు ఒక్కసారి మారిపోయింది. “ఇది మా బంపర్. మా బంపర్ వీడి దగ్గరెందుకుంది?”

“విను. ఆ బండి వెనక నిలబడకు. పక్కకి రా.”

“అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు. అక్కా, వెనక తెల్లలైట్లు వెలిగాయి, రివర్సు వేశాడు.”

“స్కూటర్ వదిలేసి దూకు,” అని సర్వేయరమ్మ అరిచింది. షెడ్డు రేకులు మోగాయి.

ఫోన్లో ఇంజను రొద, తర్వాత రేకు నలిగిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. పెద్దోడు వచ్చి ఫోన్ వైపు వంగి మరదల్ని పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. దూరంగా ఎవరెవరో పరిగెత్తుకొస్తున్న కేకలు వినిపిస్తున్నాయి.

ఆ తర్వాత ఊపిరి వినిపించింది. రొప్పుతూ, మండిపడుతూ ఉన్న ఊపిరి.

“దూకాను. మోచెయ్యి చీరుకుపోయింది, ఏం కాలేదు. స్కూటర్ మీదకెక్కించాడు. వాడి లావు కొక్కెం స్కూటర్ కడుపులోకి దిగబడిపోయింది అక్కా. ముందుకి పోతుంటే స్కూటర్ కూడా ఈడ్చుకొస్తోంది, చక్రం కింద ఇరుక్కుని కదలడంలేదు. కాటా దగ్గరి డ్రైవర్లంతా వచ్చేశారు. ఒకాయన తన లారీ తెచ్చి ముందు అడ్డం పెట్టాడు.”

“ఇన్‌స్పెక్టరు?”

“అద్దాలెక్కించుకుని కూర్చున్నాడు. నడుం దగ్గర పిస్తోలు మీద చెయ్యుంది. మా ఆయన వెనక అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.”

ఎవరినీ బండికి మరీ దగ్గరికి పోనివ్వొద్దని, బంపర్‌ని, స్కూటర్‌ని ఎవరూ ముట్టుకోకుండా చూడమని, మేజిస్ట్రేటుని తీసుకునే వస్తామని సర్వేయరమ్మ చెప్పింది. అప్పటికే పెద్దోడు బయట బండి స్టార్టు చేశాడు. గోనెగుడ్డ మూట ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మీ బావగారు కూడా వస్తున్నారు,” అంది ఆవిడ, బండెక్కుతూ.

“రమ్మనండి,” అంది ఆ అమ్మాయి. ఆమె చుట్టూ జనం గోల పెరుగుతోంది. “మీరొచ్చేదాకా వీణ్ణి ఇక్కణ్ణుంచి కదలనివ్వను.”